ఇంటిపై వాటా వేస్తున్నారా? ముందు పునాది చూసుకోండి

పొన్నూరు: ఈ ఊరి వీధుల్లో ఏ డాబా చూసినా పిల్లర్ల మీద ఇనుప చువ్వలు పైకి లేచి కనిపిస్తాయి. నాలుగు డబ్బులు చేతికొచ్చాక పైన మరో వాటా వేయాలన్న ఆశతో వదిలినవే అవి. కొడుకు వేరు కాపురం పెట్టాలన్నా, నెలకింత అద్దె రావాలన్నా చాలామందికి తోచే మార్గం ఇదే. అయితే ముహూర్తం పెట్టించి, ఇసుక, కంకర తోలించిన తర్వాతే అనుమతి మాట గుర్తుకొస్తుంది. శ్లాబు పడ్డాక నోటీసు వస్తే పెట్టిన డబ్బంతా చిక్కులో పడుతుంది.

అనుమతి ఎవరివ్వాలి?

సున్నం వేయడం, గచ్చు బాగు చేయించడం వంటి చిన్న మరమ్మతులకు అనుమతి అక్కర లేదు. గది పెంచినా, అంతస్తు వేసినా కొత్త ఇంటి మాదిరిగానే అనుమతి తీసుకోవలసిందే. పొన్నూరు, నిడుబ్రోలు వాసులు పురపాలక సంఘానికి దరఖాస్తు చేసుకోవాలి. మామిళ్ళపల్లి, బ్రాహ్మణకోడూరు వంటి గ్రామాల వారు పంచాయతీ నుంచి పొందాలి. పట్టణాలకు 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, గ్రామాలకు 2002 నాటి పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలు ఆధారం. వీటికి సవరణలు వస్తుంటాయి గనుక ప్లాను గీయించే ముందే కార్యాలయంలో అడగడం మేలు. రిజిస్టరు దస్తావేజు, పన్ను రశీదు, లైసెన్సు పొందిన ఇంజనీరు గీసిన ప్లాను దగ్గర ఉంచుకోవాలి.

ఎంత జాగా వదలాలి?

తగాదాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. 2017 నిబంధనల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో, అంటే సుమారు రెండున్నర నుంచి ఐదు సెంట్లలో, పది మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కడితే వీధి వైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. కింద గోడ హద్దు మీదే ఉన్నదని పైగోడను కూడా అక్కడే లేపితే చిక్కు తప్పదు.

కిటికీల సంగతి కూడా ఆలోచించాలి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం వెలుతురు మీద హక్కు రావాలంటే 20 ఏళ్ళు నిరాటంకంగా అనుభవించి ఉండాలి. ఈ ఏడు హద్దు మీద కిటికీ పెట్టి, వచ్చే ఏడు పొరుగాయన తన స్థలంలో గోడ లేపాడని పోట్లాడితే ఫలితం ఉండదు. మన జాగాలో మనం వదిలిన ఖాళీయే మన గదికి గాలి, వెలుతురు ఇస్తుంది.

నల్లనేలతో జాగ్రత్త

వరి కోసి, మినుము తీశాక ఈ పొలాలు ఎలా నెర్రెలిస్తాయో రైతులకు వేరే చెప్పనక్కర లేదు. ఇంటి కింద ఉన్నదీ ఆ నల్లమన్నే. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. లోతు చాలని పునాది దానితోపాటే కదులుతుంది. ఇటువంటి నేలలు లోతుగా ఉన్నచోట అడుగున ఉబ్బెత్తు చేసిన పైల్సును కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దించాలని భారత ప్రమాణాల సంస్థ చెబుతున్నది.

చువ్వలు వదిలారు గనుక పైన కట్టుకోవచ్చనుకోవడం పొరపాటు. బరువు మోసేది చువ్వ కాదు, దాని కిందనున్న పిల్లరు, పునాది. ఇంటి మూలన గొయ్యి తీయించి పునాది లోతు, వెడల్పు ఇంజనీరుకు చూపించాలి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు ఉన్నాయేమో చూసుకోవాలి. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ తుప్పు పట్టిన చువ్వలను అలాగే కలిపి కట్టరాదు. బంకమట్టితో కట్టిన పాత గోడలైతే పైన అంతస్తు మాట మరచి, పెరట్లో జాగా ఉంటే అక్కడే వాటా వేసుకోవడం క్షేమం.

శ్లాబు ఖర్చుకు వెనుదీసి రేకులు వేసేవారు గాలివానలను మరువరాదు. 1977 నవంబరు 19 నాటి తుపాను, 1990 మే నెల తుపాను ఈ తీరాన్ని చూసి పోయినవే. రేకులను కొక్కేలతో దూలాలకు, దూలాలను గోడలకు గట్టిగా బిగించాలి.

అద్దెకున్నవారూ మనుషులే

జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఒకే గది ఉన్న వాటాలో ఆ గది తొమ్మిదిన్నర చదరపు మీటర్లకు, అంటే సుమారు 102 చదరపు అడుగులకు తగ్గకూడదు. గది ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలి. స్నానాలగది, మరుగుదొడ్డి కలిపి కడితే 2.8 చదరపు మీటర్లు, అంటే 30 చదరపు అడుగులు కావాలి. మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు దాటితే ముసలివారు ఎక్కలేరు.

కొత్త సంసారం వస్తే సెప్టిక్ ట్యాంకు మీద భారం పెరుగుతుంది. పాత ట్యాంకు చాలుతుందో లేదో ముందే లెక్క వేయించాలి. దాని నీరు ఇంకే గుంట, తాగే నీటి బావికి గాని బోరుకు గాని 18 మీటర్లు, అంటే అరవై అడుగుల దూరంలో ఉండాలి.

అనుమతి లేకుంటే...

అనుమతి లేని అంతస్తుకు ఆస్తిపన్నుపై నూరు శాతం వరకు జరిమానా పడవచ్చు. కూల్చివేతకు నోటీసు ఇచ్చే అధికారమూ పురపాలక సంఘానికి ఉన్నది. జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు 2007, 2015, 2019లలో వచ్చిన మాట నిజమే. మళ్ళీ వస్తుందిలే అని అప్పు తెచ్చి కట్టడం మాత్రం తెలివైన పని కాదు. అనుమతి కాగితం లేని ఇంటి మీద బ్యాంకు రుణం పుట్టడమూ కష్టమే, రేపు అమ్మబోతే కొనేవారు అడిగేదీ ఆ కాగితమే.

వాటా వేయదలచినవారు మేస్త్రికి బయానా ఇచ్చేముందు ఇంజనీరుకు పునాది చూపించి, కార్యాలయంలో నిబంధనలు కనుక్కుని, ఆ తర్వాతే ముహూర్తం పెట్టించుకోవడం మంచిది.