పేరుకు ఇంటర్నేషనల్... పిల్లల తోటలో ఆట ఏదీ?

నరసరావుపేట: ఉదయం ఎనిమిది కాకముందే పసుపుపచ్చ బస్సులు పల్నాడు రోడ్డు మీద బారులు తీరుతాయి. రొంపిచర్ల వైపు నుంచి, నకరికల్లు వైపు నుంచి వచ్చే ఈ బస్సులలో ముందు సీట్లు మూడేళ్ళ, నాలుగేళ్ళ పసివాళ్ళవి. మెడలో టై, కాళ్ళకు బూట్లు, వీపు కంటె వెడల్పయిన సంచి. సగం మంది తూగుతూ వుంటారు. పొద్దున్నే లేపి, నోట్లో నాలుగు ముద్దలు కుక్కి తల్లి బస్సు ఎక్కించింది మరి. ఆ బస్సుల మీద, బడుల బోర్డుల మీద 'ఇంటర్నేషనల్' అన్న మాట ఇప్పుడు సర్వసాధారణమైపోయింది.

సరిగ్గా అదే వేళకు అవే వూళ్ళలో అంగన్‌వాడీ ఆయా ఇంటింటికీ తిరిగి పిల్లలను పిలుచుకొని వస్తూ వుంటుంది. బస్సు ఎక్కిన పిల్లలు పోగా మిగిలినవారే ఆమె వెంట నడుస్తారు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. పేటలోనే కాదు, పిడుగురాళ్ళ, మాచర్ల, వినుకొండ, గురజాలలో కూడ నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు లేని ప్రైవేటు బడి అరుదు. మిరప అమ్మిన డబ్బు చేతికి రాగానే ముందుగా తీసిపెట్టేది పిల్లవాడి ఫీజే. ప్రభుత్వం 2020 జనవరిలో మొదలుపెట్టిన అమ్మ ఒడి గాని, 2025 జూన్‌లో ఇచ్చిన తల్లికి వందనం గాని ఒకటో తరగతి నుంచే వర్తించాయి. అంతకు ముందు మూడేళ్ళ ఖర్చు అంతా తల్లిదండ్రులు చెమటోడ్చి కట్టవలసిందే.

వారిని తప్పుపట్టి లాభం లేదు. ఎండలో వంగి మిరపకాయలు కోసే తల్లి తన బిడ్డ నీడపట్టున కూర్చుని ఉద్యోగం చేయాలని కోరుకుంటుంది. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలని ఆమెకు తెలుసు. పక్కింటి పిలగాడు బస్సు ఎక్కితే తన బిడ్డ వెనకబడిపోతాడని భయం. కాగా, ఆ డబ్బుకు బిడ్డకు దక్కుతున్నదేమిటన్నదే ఆలోచించవలసిన విషయం.

మూడేళ్ళకే నాలుగు గీతల కాపీ

పేరు ఏదైనా చాలా బడులలో జరిగేది ఒక్కటే. మూడేళ్ళు నిండగానే చేతికి పెన్సిల్ ఇచ్చి ఏబీసీడీలు దిద్దించడం, ఒకటి నుంచి వంద వరకు రాయించడం, రైములు బట్టీ పట్టించడం. సాయంత్రానికి నాలుగు గీతల కాపీలో రెండు పేజీల హోంవర్కు. ఇంగ్లీషు రాని తల్లి దాన్ని చేయించలేదు కనుక నాలుగేళ్ళ పిల్లవాడికి ట్యూషన్ కూడ పెడుతున్నారు. కాపీ నిండితే చదువు వస్తున్నట్టు లెక్క. నిండకపోతే బడికి వెళ్ళి అడుగుతారు. అందువల్ల ఆటపాటలతో నేర్పుదామనుకున్న టీచరు కూడ చివరకు కాపీ దగ్గరకే రావలసి వస్తున్నది.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని పెద్దలు ఈ సందర్భంలో సామెత చెబుతారు. మొక్కను పెంచే రైతుకు ఇంకొక సంగతీ తెలుసు. నారు ముదరకముందే పీకి నాటితే అది నిలదొక్కుకోదు.

ఇది ఊరికే అనే మాట కాదు. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు వుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలుగా వుండవు. మెత్తగా, చెవి తమ్మెలాగా వుంటాయి. మూడేళ్ళ వయసుకు సుమారు మూడు మాత్రమే గట్టిపడతాయి. ఆరేళ్ళు వచ్చేసరికి దాదాపు ఏడు. ఎనిమిదవది పదేళ్ళ వయసు దాటే దాకా తేలదు. ఆ చేతితో సన్నని పెన్సిల్ పట్టి గీత దాటకుండా రాయమనడం, పాలపళ్ళతో చెరకు నమలమన్నట్టే. మట్టి పిసికిన చేయి, చింతగింజలు ఏరిన వేళ్ళు, చిక్కుడుకాయలు ఒలిచిన వేళ్ళు, దారానికి పూసలు గుచ్చిన వేళ్ళు తరువాత తమంతట తామే పెన్సిల్‌ను పట్టుకుంటాయి.

మన పాత వీధిబడి పంతుళ్ళకు ఎముకల లెక్క తెలియకపోవచ్చు. అయినా అక్షరాభ్యాసం అయిదో ఏట చేసేవారు. బియ్యంలో వేలు పట్టి రాయించేవారు, ఆ తరువాత ఇసుకలో దిద్దించేవారు. గుండ్రని 'అ' అరచేతి మందాన పెద్దగా వచ్చేది. తప్పు పోతే చేత్తో చెరిపేస్తే సరి. ఆ పంతుళ్ళ బెత్తం దెబ్బలు, కోదండాలు మాత్రం మళ్ళీ రాకూడదనే ఎవరైనా కోరుకుంటారు.

పిల్లల తోట కథ

కిండర్‌గార్టెన్ అనేది జర్మన్ మాట. 'పిల్లల తోట' అని అర్థం. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన 1837లో జర్మనీలో బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న వూళ్ళో పసిపిల్లల కోసం ఒక బడి పెట్టి, 1840లో దానికి ఈ పేరు పెట్టాడు. ఆయన పిల్లల చేతికి ఇచ్చినవి పుస్తకాలు కావు. ఉన్ని బంతులు, కొయ్య గోళం, కొయ్య దిమ్మెలు. పాట, ఆట, మొక్కల పెంపకం ఆయన పాఠాలు. ఈ బడులను ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించింది. 1860లో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఇటలీకి చెందిన వైద్యురాలు మరియా మాంటిసోరి 1907లో రోమ్ నగరంలో కూలీల పేటలో తన మొదటి బాలగృహం తెరిచింది. అక్కడి పిల్లలు పనికిపోయే తల్లిదండ్రుల బిడ్డలే. ఆమె గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అంటించి, పెన్సిల్ పట్టకముందు పిల్లలచేత వాటిమీద వేలితో దిద్దించేది. మన ఇసుకలో దిద్దుడుకు ఇది దగ్గర చుట్టమే. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇంతలో యుద్ధం రావడంతో 1946 దాకా మన దేశంలోనే వుండిపోయింది. ఇప్పుడు మాంటిసోరి పేరు పెట్టుకున్న బడులు ప్రతి పట్టణంలోను కనిపిస్తాయి. ఆ గరుకు అక్షరాలు కనిపించే బడి ఎక్కడో గాని వుండదు.

నిజమైన అంతర్జాతీయ పాఠ్యక్రమం సంగతి కూడ చూడవచ్చు. జెనీవాలో 1968లో ఏర్పడిన ఐబీ సంస్థ మూడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 1997లో ఒక ప్రణాళిక ప్రవేశపెట్టింది. అందులో ఆరేళ్ళలోపు వారికి ప్రధానమైనది ఆటే. ఈ సంస్థతో మన రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరి 31న ఒప్పందం చేసుకున్నది. ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు. బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అని రాసుకున్నంత మాత్రాన ఏ విదేశీ సంస్థతోనూ సంబంధం వున్నట్టు కాదని తల్లిదండ్రులు గ్రహించవలసి వున్నది.

ఆ మాటకొస్తే పల్నాటికి అంతర్జాతీయ చదువు కొత్త కాదు. మాచర్లకు దగ్గరలోని నాగార్జునకొండలో మూడో శతాబ్దంలోనే సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారం వుండేది. అక్కడి బోధిశ్రీ అనే ఉపాసిక శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల పేర్లు కనిపిస్తాయి. టై కట్టకుండానే జరిగిన వ్యవహారం అది.

వాకిట్లోకి వచ్చిన బడి

అంగన్ అంటే ఇంటి ముంగిలి. బొంబాయి రాష్ట్రంలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు 1945లో బోర్డీ గ్రామంలో పసిపిల్లల బడి నడిపారు. పేదవాడల పిల్లలు బడికి రాకపోతే బడినే వారి వాకిట్లోకి తీసుకువెళ్ళారు. అంగన్‌వాడీ అన్న పేరుకు మూలం అదే. మట్టి, ఆకులు, గింజలు, గవ్వలే బోధనోపకరణాలు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని దేశంలో 33 బ్లాకులలో ప్రారంభించినప్పుడు ఈ పేరే ఊరూరికీ చేరింది. నేడు మన రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలు వున్నాయి.

ఆ విధంగా చూస్తే ఫ్రోబెల్ తోటకు దగ్గరగా వున్నది బస్సు ఎక్కి వెళ్ళే బడి కంటె ఆయా వెంట నడిచి వెళ్ళే కేంద్రమే. అక్కడ ఇంటి భాష వుంటుంది, పాట వుంటుంది, కోడిగుడ్డు, పాలు, వేడి అన్నం వుంటాయి. అన్ని కులాల పిల్లలూ ఒక్క వరుసలో కూర్చుని తింటారు. కారంపూడిలో బ్రహ్మనాయుడి చాపకూడును ఏటా వీరుల ఉత్సవాలలో తలచుకునే ప్రాంతం ఇది. పసివాళ్ళు రోజూ మధ్యాహ్నం అదే పని ఏ ఉత్సవమూ లేకుండా చేస్తున్నారు. వూళ్ళో కలిగినవారి పిల్లలు ఆ వరుసలోంచి లేచి బస్సు ఎక్కడం మాత్రం బాధాకరం.

అయితే అంగన్‌వాడీలన్నీ సక్రమంగా వున్నాయనుకుంటే పొరబాటు. ఒక్క టీచరు మీద ఆరు రకాల సేవల భారం వున్నది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు సలహాలు, వీటి తరువాత పిల్లల చదువు. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ వచ్చి ఫోనులో బరువులు, ఎత్తులు, హాజరు ఎక్కించడం తోడైంది. సిగ్నల్ అందని తండాలో టీచరు ఫోను పట్టుకొని గట్టు ఎక్కితే లోపల పిల్లలకు పాట చెప్పేదెవరు? 2019లో టీచరు గౌరవ వేతనం 11,500 రూపాయలకు, ఆయాది 7,000కు చేరింది. అది చాలదంటూ 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రమంతటా 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో ఎస్మా ప్రయోగించారు కూడ. వేతనం అడిగిన ఆ టీచరే పసివాడికి మొదటి గురువు.

చట్టం తీరు కూడ పసివారి పట్ల చిన్నచూపుగానే వున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచే హక్కు ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ళ వారికి ప్రభుత్వాలు ఏర్పాట్లు 'చేయవచ్చు' అని మాత్రమే అన్నది. ప్రైవేటు ఆటబడులకు జాతీయ బాలల హక్కుల కమిషన్ 2017లో కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలను చేర్చుకోరాదు. ఇరవైమందికి ఒక టీచరు, ఒక ఆయా వుండాలి. బడి వేళ మూడు నాలుగు గంటలకు మించరాదు. 2020 నాటి బడిసంచుల విధానం ప్రకారం నర్సరీ పిల్లలకు అసలు సంచే వుండకూడదు, రెండో తరగతి దాకా హోంవర్కు ఇవ్వరాదు. పల్నాడు రోడ్డు మీద ఉదయం ఒక్క పావుగంట నిలబడితే సంచుల విషయం ఎవరికైనా అర్థమవుతుంది.

తండా బిడ్డ, మిరపచేను బిడ్డ

మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాలలో సుగాలీ తండాలు చాలా వున్నాయి. అక్కడి బిడ్డ ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. అంగన్‌వాడీకి వస్తే తెలుగు కొత్త. బస్సు ఎక్కితే ఇంగ్లీషు మరీ కొత్త. దాహమేస్తున్నదని చెప్పడానికి మాట దొరకని పిల్లవాడు మూల కూర్చుంటాడు. టీచరు వాడిని మందమతి అనుకొనే ప్రమాదం వున్నది. 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక ఎనిమిదేళ్ళ దాకా బోధన ఇంటి భాషలోనే సాగాలని చెప్పింది. ఇంటి భాష గట్టిపడిన బిడ్డకు ఇంగ్లీషు తరువాత తేలికగా పట్టుబడుతుందని నిపుణులు చెబుతారు. తండా ఆడపడుచే టీచరుగా వున్నచోట ఈ చిక్కు లేదు.

ఇదిలా వుండగా, ఈ రెండు బడులకూ చెందని పిల్లలు మరి కొందరున్నారు. జనవరి వచ్చేసరికి మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు మూటాముల్లెతో దిగుతాయి. ఆరేళ్ళ పైబడిన వారిని అవ్వ దగ్గర విడిచినా, పసివారిని వెంట తేక తప్పదు. చేనుగట్టున వేపచెట్టుకు చీర కట్టి వుయ్యాల. నాలుగేళ్ళ అక్క ఆ వుయ్యాల వూపుతూ వుంటుంది. కల్లంలో కాయల ఘాటుకు చంటివాడు దగ్గుతాడు. అదే కల్లంలో తాలుకాయలు ఒకవైపు, మంచికాయలు ఒకవైపు వేసి ఆ అక్క ఆడుకునే ఆటను ఏ మాంటిసోరి టీచరు చూసినా సంతోషిస్తుంది.

వలస వచ్చిన బిడ్డను కూడ ఆ వూరి అంగన్‌వాడీలో చేర్చుకునే వీలున్నది. పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి పేరు మార్చుకోవచ్చు. కేంద్రం వూళ్ళో, చేను రెండు మైళ్ళ అవతల వుండడమే ఇబ్బంది. బోర్డీలో 1945లో చేసినట్టు కోతల మూడు నెలలూ కేంద్రాన్నే పొలం దగ్గరకు కదిలిస్తే ఆ బిడ్డలకు నీడ, అన్నం, పాట దొరుకుతాయి.

ఇక కేంద్రమే లేని తండాల విషయం. ఆరేళ్ళలోపు పిల్లలు నలభైమంది వుండి అంగన్‌వాడీ లేని గూడెం గాని, వాడ గాని అడిగితే మూడు నెలలలోగా కేంద్రం మంజూరు చేయాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. ఇందుకు కావలసినది తండా పెద్దలు పిల్లల పేర్లు, వయసులు రాసి సంతకాలు చేసిన ఒక అర్జీ. శిశు సంక్షేమ శాఖ అధికారులకు గాని, సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే అర్జీల స్వీకరణలో గాని దానిని ఇవ్వవచ్చు.