‘బిల్లు పాస్ అయింది’ అంటే మీ ఫోన్‌లో ఏం మారినట్టు? ముసాయిదా నుంచి అమలు దాకా పూర్తి వివరాలు

“అన్నా, కొత్త బిల్లు పాస్ అయిందంట. 18 ఏళ్ల లోపు వాళ్ల ఇన్‌స్టా అకౌంట్లన్నీ తీసేస్తారంట. నిజమేనా?”

ఇంటర్ చదువుతున్న మా బాబాయి కొడుకు మొన్న రాత్రి పంపిన మెసేజ్ ఇది. కింద ఒక షార్ట్ వీడియో కూడా పెట్టాడు. వెనకాల పార్లమెంట్ ఫొటో, ముందు ఎర్ర బాణం, పైన పెద్ద అక్షరాల్లో ‘బ్యాన్’. ఏ బిల్లు, ఏ తేదీ, ఏ సెక్షన్ అన్నది మాత్రం ఎక్కడా లేదు. వాడికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఎందుకంటే అందులో పావు వంతు నిజం ఉంది.

కొత్త ఫోన్ విషయంలో మనం ఇంత తేలిగ్గా నమ్మేయం. లీకైన ఫొటో చూసి ఎవరూ డబ్బులు కట్టరు. లాంచ్ వేరు, సేల్ మొదలయ్యే రోజు వేరు, ఆండ్రాయిడ్ అప్‌డేట్ మన మోడల్‌కి వచ్చే రోజు వేరు అని మనకు బాగా తెలుసు. చట్టాలకు కూడా అలాంటి దశలే ఉన్నాయి. అవి తెలిస్తే చాలు, ఏ వార్తకి కంగారు పడాలో, ఏ వార్తని స్క్రోల్ చేసేయొచ్చో మీకే అర్థమవుతుంది. మన ఫోన్లకు సంబంధించిన అసలు బిల్లులతోనే ఈ దశలన్నీ చూద్దాం.

1. ముసాయిదా: ఇంకా లీక్ దశే

చాలా బిల్లులు పార్లమెంటుకు వెళ్లే ముందు సంబంధిత మంత్రిత్వ శాఖ ఒక ముసాయిదా తయారు చేస్తుంది. కొన్నిసార్లు దాన్ని జనం ముందు పెట్టి, ఫలానా తేదీ లోపు మీ అభిప్రాయాలు చెప్పండి అంటుంది. ఇది చట్టం కాదు. అసలు ఇంకా బిల్లు కూడా కాదు.

యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లకు బ్రాడ్‌కాస్టింగ్ బిల్లు గొడవ గుర్తుండే ఉంటుంది. సమాచార, ప్రసార శాఖ 2023 నవంబరులో దీని ముసాయిదాని బయటపెట్టింది. 2024లో మార్పులు చేసిన ఇంకో కాపీ కొద్దిమందికే ఇచ్చారని, కరెంట్ అఫైర్స్ మీద వీడియోలు చేసే సాధారణ యూట్యూబర్లు కూడా దాని పరిధిలోకి వస్తారని వార్తలొచ్చాయి. ‘యూట్యూబర్లకి కొత్త చట్టం’ అని థంబ్‌నెయిల్స్ మోత మోగాయి. విమర్శలు పెరిగాక, ఇంకా సంప్రదింపులు జరిపి తాజా ముసాయిదా తెస్తామని ఆ శాఖ 2024 ఆగస్టులో చెప్పింది. అంటే అప్పటికి పార్లమెంటు గుమ్మం తొక్కని కాగితం గురించే అంత హడావిడి జరిగింది.

అలాగని ఈ దశని తీసిపారేయకండి. మీలాంటి, నాలాంటి మామూలు యూజర్ మాట నేరుగా చేరేది ఎక్కువగా ఇక్కడే.

2. ప్రవేశపెట్టడం, కమిటీకి పంపడం

మంత్రి లేచి సభ అనుమతితో బిల్లుని ప్రవేశపెడితే, అది అధికారికంగా సభ ముందు ఉన్నట్టు. అయినా ఇంకా చట్టం కాదు. కావాలంటే దాన్ని స్టాండింగ్ కమిటీకి గానీ, రెండు సభల సభ్యులు ఉండే సంయుక్త కమిటీకి గానీ పంపొచ్చు. అక్కడ క్లాజు క్లాజూ చూస్తారు, కంపెనీలని, నిపుణులని పిలిచి అడుగుతారు. పంపి తీరాలన్న రూలేమీ లేదు.

దీనికి మంచి ఉదాహరణ డేటా ప్రొటెక్షన్ బిల్లు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చింది. జస్టిస్ బీఎన్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రిపోర్టుతో పాటు ముసాయిదా కూడా ఇచ్చింది. 2019 డిసెంబరులో ప్రభుత్వం లోక్‌సభలో బిల్లు పెట్టింది, అది సంయుక్త కమిటీకి వెళ్లింది. కమిటీ రెండేళ్లు కూర్చుని 2021 డిసెంబరులో 81 సవరణలు సూచించింది. చివరికి 2022 ఆగస్టు 3న ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది! లాంచ్ ఈవెంట్ అయిపోయాక ఫోన్‌ని క్యాన్సిల్ చేసినట్టన్న మాట.

2022 నవంబరులో కొత్త ముసాయిదా వచ్చింది. 2023 ఆగస్టు 3న కొత్త బిల్లు లోక్‌సభకు వచ్చింది. ఈసారి కమిటీ లేదు. 7న లోక్‌సభ, 9న రాజ్యసభ పాస్ చేశాయి, 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆరేళ్లు నానిన విషయం తొమ్మిది రోజుల్లో చట్టమైపోయింది.

3. ఓటింగ్: ‘పాస్ అయింది’ అంటే ఎక్కడ పాస్ అయింది?

వార్తల్లో ‘బిల్లుకి ఆమోదం’ అని కనపడితే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. కేబినెట్ ఆమోదమా, లోక్‌సభ ఆమోదమా, రెండు సభలదా, లేక రాష్ట్రపతిదా? నాలుగూ వేర్వేరు. కేబినెట్ ఓకే అంటే బిల్లు పెట్టడానికి ప్రభుత్వం సిద్ధమైందని మాత్రమే అర్థం. లోక్‌సభలో పాసై రాజ్యసభ దాటకముందే సభ రద్దయితే ఆ బిల్లు మురిగిపోతుంది.

చాలాసార్లు ఓటింగ్ మూజువాణి పద్ధతిలో జరుగుతుంది. అనుకూలమైన వాళ్లు అవునని, కానివాళ్లు కాదని అరుస్తారు, ఏ గొంతు ఎక్కువుందో సభాధ్యక్షులు తేలుస్తారు. ఎవరైనా డివిజన్ అడిగితేనే ఏ ఎంపీ ఎటు ఓటేశారో లెక్క తేలేది. ఏపీ నుంచి 25, తెలంగాణ నుంచి 17, మొత్తం 42 మంది లోక్‌సభ సభ్యులు మనకున్నారు. మూజువాణి ఓటుతో పాసైన బిల్లు మీద వాళ్లలో ఎవరు ఏమన్నారో ఓటు రికార్డులో మీకు దొరకదు.

స్పీడుకి ఉదాహరణ కావాలంటే 2025 ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు చూడండి. ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టారు, అదే రోజు పాస్ అయింది. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మొత్తం మూడు రోజులు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. వాటికి యాడ్ చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. డ్రీమ్11 వెంటనే డబ్బుల కాంటెస్టులు ఆపేసింది, టీమిండియా జెర్సీ మీద నుంచి కూడా పోయింది.

మన తెలుగు రాష్ట్రాల వాళ్లకి ఇది పెద్ద షాక్ అనిపించలేదు. తెలంగాణ 2017లోనే, ఏపీ 2020లోనే తమ గేమింగ్ చట్టాలు మార్చి డబ్బులతో ఆడే ఆన్‌లైన్ గేములని నిషేధించాయి. ఫాంటసీ యాప్ ఓపెన్ చేస్తే ‘మీ రాష్ట్రంలో అందుబాటులో లేదు’ అన్న మెసేజ్ మనకి ఎప్పటినుంచో అలవాటే. ఆ గేములు మంచివా చెడ్డవా అన్నది పక్కన పెట్టండి. ఒక పరిశ్రమ మొత్తాన్ని మార్చేసే బిల్లు కమిటీకి వెళ్లకుండా, గొడవల మధ్య మూడు రోజుల్లో బయటికొచ్చింది. అలాంటప్పుడు సలహా చెప్పే టైమ్ ఎవరికీ ఉండదు.

హడావిడిగా పాసైన సెక్షన్లు తర్వాత ఏమవుతాయో కూడా మనం చూశాం. ఐటీ చట్టంలోని 66ఏ గుర్తుందా? 2008 డిసెంబరులో పెద్ద చర్చ లేకుండా పాసైన సవరణల్లో అదొకటి. పోస్టులు పెట్టినందుకు, లైక్ కొట్టినందుకు యువతని అరెస్టు చేసేదాకా వెళ్లింది. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘల్ కేసులో దాన్ని కొట్టేసింది. ఒక బగ్ ఫిక్స్ కావడానికి ఆరేళ్లు పైనే పట్టిందన్న మాట.

4. రాష్ట్రపతి ఆమోదం వచ్చినా అమలు మొదలైనట్టు కాదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆమోదం వచ్చాక బిల్లు చట్టం అవుతుంది, గెజిట్‌లో అచ్చవుతుంది. కానీ చాలా చట్టాల మొదటి సెక్షన్‌లో ఒక చిన్న లైన్ ఉంటుంది: కేంద్రం నోటిఫై చేసిన తేదీ నుంచి ఇది అమల్లోకి వస్తుంది, వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు ఉండొచ్చు అని.

టెలికాం చట్టం చూడండి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో తెచ్చిన బిల్లు ఇది. 2023 డిసెంబరు 18న ప్రవేశపెట్టారు, 21కల్లా రెండు సభలూ పాస్ చేశాయి, 24న ఆమోదం వచ్చింది. కానీ మొదటి విడత సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2024 జూన్ 26న. దొంగ గుర్తింపుతో సిమ్ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు లేదా 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పరిమితికి మించి సిమ్‌లు ఉంటే మొదటిసారి 50 వేల దాకా, మళ్లీ దొరికితే 2 లక్షల దాకా జరిమానా అని కూడా చట్టంలో రాసి ఉంది. పాసైన రోజుకీ, మొదటి విడత అమలైన రోజుకీ మధ్య ఆరు నెలలు గడిచాయి. మనం గుర్తుపెట్టుకోవాల్సింది అమలు తేదీని.

5. రూల్స్: అసలు ఫీచర్లు తేలేది ఇక్కడ

చట్టం పైపైన గీత గీస్తుంది. ఎలా, ఎప్పుడు, ఎవరికి మినహాయింపు అన్నవి రూల్స్‌లో ఉంటాయి. వాటిని మంత్రిత్వ శాఖే రాస్తుంది.

డేటా చట్టం 2023 ఆగస్టులో వచ్చినా, ముసాయిదా రూల్స్ 2025 జనవరి 3న గానీ రాలేదు. వాటి మీద 6,915 సూచనలు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. తుది రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అవి కూడా మూడు విడతలు: కొన్ని వెంటనే, కొన్ని ఏడాదికి, ముఖ్యమైనవన్నీ 18 నెలలకి, అంటే 2027 మేలో.

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఈ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే యాప్‌లు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి సరిచూడగలిగేలా ఉండాలి. పిల్లలని ట్రాక్ చేయడం, వాళ్లకి గురిపెట్టి యాడ్స్ చూపించడం కుదరదు. స్కూళ్లు, ఆసుపత్రుల లాంటి వాటికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. డేటా భద్రంగా ఉంచకపోతే కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. మనకీ ఒక బాధ్యత ఉంది: అబద్ధపు ఫిర్యాదు లాంటివి చేస్తే 10 వేల దాకా జరిమానా.

అకౌంట్లన్నీ తీసేయాలని మాత్రం అందులో ఎక్కడా లేదు.

6. ప్రైవేటు మెంబర్ బిల్లు అయితే?

మంత్రి కాని ఎంపీ ఎవరైనా సొంతంగా బిల్లు పెట్టొచ్చు. ఆఫీసు టైమ్ అయిపోయాక బాస్ ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు కోసం సుప్రియా సూలే పెట్టిన ‘రైట్ టు డిస్‌కనెక్ట్’ బిల్లు అలాంటిదే. అది వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ‘ఇక బాస్ కాల్ చేస్తే కేసే’ అని పోస్టులు తిరుగుతాయి. లెక్క చూస్తే స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైన ప్రైవేటు మెంబర్ బిల్లులు 14 మాత్రమే. చివరిది 1970లో. ఇలాంటి బిల్లు ఒక విషయాన్ని చర్చలోకి తెస్తుంది, అంతవరకు అది మంచిదే. దాన్ని నమ్ముకుని బాస్ కాల్ కట్ చేయకండి.

వార్త కనపడగానే ఏం చూడాలి?

- ఎవరు పెట్టారు? మంత్రా, మామూలు ఎంపీనా?
- ఏ దశలో ఉంది? ముసాయిదా, ఒక సభ, రెండు సభలు, గెజిట్, ఏది?
- అమలు తేదీ నోటిఫై అయిందా? ఆ సెక్షన్‌కేనా?
- రూల్స్ వచ్చాయా?

బిల్లు కాపీ, దాని స్టేటస్ పార్లమెంట్ వెబ్‌సైట్ ‘సంసద్’లో ఉచితంగా దొరుకుతాయి. అమలు తేదీల కోసం ఈ-గెజిట్ చూడండి. ఇంగ్లిష్‌లో తేలికైన సారాంశం కావాలంటే పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సైట్ బాగుంటుంది. ఐదు నిమిషాల పని.

ఇదంతా చదివాక మీకూ ఒక విషయం తట్టే ఉంటుంది. మనం మాట్లాడగలిగే టైమ్ ముసాయిదా అప్పుడు, లేదంటే రూల్స్ అప్పుడు. మన ఫోన్‌లో మార్పు కనపడేది అమలు తేదీన. టీవీలో, రీల్స్‌లో గోల జరిగేది మాత్రం సభలో పాసైన రోజు. ఆ రోజు మన చేతిలో ఉండేది దాదాపు ఏమీ లేదు. ఈసారి ఏదైనా ముసాయిదా మీద ‘అభిప్రాయాలు చెప్పండి’ అని నోటీసు కనపడితే, ఆ చివరి తేదీని కొత్త ఫోన్ ఫ్లాష్ సేల్‌కి పెట్టుకున్నట్టే అలారం పెట్టుకోండి.

మా తమ్ముడికి చివరికి ఇలా రిప్లై ఇచ్చాను: “నీ అకౌంట్ ఎవరూ తీసేయట్లేదు. కానీ 2027 మే తర్వాత నీకు 18 నిండకపోతే యాప్ మీ నాన్న అనుమతి అడుగుతుంది.”

వాడి నుంచి వెంటనే వచ్చింది: “అన్నా, బ్యాన్ చేసినా బాగుండేది.”