టవర్ ఎక్కకుండానే మారిపోయే నెట్‌వర్క్

సెల్‌ఫోన్‌లో సిగ్నల్ పోగానే ‘టవర్ పాడైంది’ అనే మాట హైదరాబాద్ దగ్గరి కందుకూరులోనూ వినిపిస్తుంది, నగరం నడుమ కోఠీలోనూ వినిపిస్తుంది. కోట్ల మంది ఫోన్లు ఒకేసారి మూగబోయినప్పుడు మాత్రం తప్పు చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌లోనే దొరికింది. 2018 డిసెంబర్ 6న బ్రిటన్‌లో ఓ2 నెట్‌వర్క్ మీద ఆధారపడిన సుమారు 3.2 కోట్ల మందికి డేటా అందలేదు. నెట్‌వర్క్ పరికరాల సంస్థ ఎరిక్సన్ ఇచ్చిన కోర్ (నెట్‌వర్క్‌ను కేంద్రం నుంచి నడిపే భాగం) సాఫ్ట్‌వేర్‌లో ఒక డిజిటల్ సర్టిఫికెట్‌కు గడువు తీరిపోవడమే కారణం. టవర్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

  

5జీలో కోర్ అంతా మామూలు సర్వర్ల మీద నడిచే సాఫ్ట్‌వేరే. అందుకే మార్పులను ఏడాదికోసారి మూటగట్టి తేకుండా చిన్నచిన్నవిగా తరచూ పంపుతారు. ప్రతి మార్పూ వరుసగా పరీక్షలు దాటాకే ముందుకు కదలాలి. కంటిన్యువస్ డెలివరీ అంటే ఇదే. ఆ పరీక్షలను మనుషులు కూర్చుని చేయరు, యంత్రాలే నడుపుతాయి. నేడు అనేక రంగాల్లో వాడుతున్న రోబోట్ ఫ్రేమ్‌వర్క్ అనే పరీక్షా సాధనం నోకియా నెట్‌వర్క్స్‌లోనే పుట్టింది.

ల్యాబ్‌లో బయటి సిగ్నల్ చొరబడని లోహపు పెట్టెలో ఫోన్‌ను పెడతారు. రెండు బేస్ స్టేషన్ల సిగ్నల్‌ను కేబుళ్ల ద్వారా దానికి అందిస్తారు. కాల్ కలిశాక ఒకదాని బలాన్ని మెల్లగా తగ్గిస్తూ రెండోదాని బలాన్ని పెంచుతారు. ఫోన్ మటుకు తాను తుక్కుగూడ నుంచి కందుకూరుకు బస్సులో వెళుతున్నాననే అనుకుంటుంది. కాల్ తెగిందా, మాట ఎన్ని మిల్లీసెకన్లు ఆగింది అన్నది యంత్రం రాసుకుంటుంది. ఆ ప్రయాణం రాత్రంతా మళ్లీ మళ్లీ సాగుతుంది. గడియారాన్ని కొన్ని నెలలు ముందుకు తిప్పి నడిపే పరీక్ష కూడా ఉంటే, గడువు తీరబోయే సర్టిఫికెట్ అక్కడే పట్టుబడుతుంది. ఇలాంటి పరీక్షలకు విదేశాలకు పరుగెత్తే అవసరం తగ్గించడానికే ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో ఐఐటీ హైదరాబాద్ సహా ఎనిమిది సంస్థలు కలిసి దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ను (పరీక్షా వేదికను) నిర్మించాయి. 2022 మే 17న అది ప్రారంభమైంది.

ఒక్క ఫోన్‌తో చేసే పరీక్షలో లోపాలన్నీ బయటపడవు. 2022 జూలై 2న జపాన్‌లో టెలికాం సంస్థ కేడీడీఐ రౌటర్ పనులు చేస్తుండగా కాల్స్ ఆగిపోయాయి. ఫోన్లన్నీ ఒక్కసారిగా మళ్లీ నమోదుకు ఎగబడడంతో రద్దీ పెరిగింది. నెట్‌వర్క్ పూర్తిగా కుదుటపడేసరికి 5వ తేదీ వచ్చింది. అందుకే లక్షల ఫోన్లలా నటించే సిమ్యులేటర్లు కూడా ఉండాలి.

ల్యాబ్ దాటాక, అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, కొత్త వెర్షన్‌ను ముందు కొద్ది చోట్లే పెట్టి చూస్తారు. ఏ మెతుకు పట్టాలన్నదే కష్టం. అడుగు మాడినా పైమెతుకు పలుకుగానే ఉండొచ్చు. హైదరాబాద్ అబిడ్స్‌లో టవర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, జనం కిక్కిరిసి ఉంటారు. కందుకూరు దగ్గర టవర్ల మధ్య ఎడం ఎక్కువ, శ్రీశైలం హైవే మీద ఫోన్లు వేగంగా దూసుకుపోతుంటాయి. అబిడ్స్‌లో బాగుందని కందుకూరును చూడకుండా వదిలేయడం తప్పు.

కొత్త వెర్షన్ పెట్టిన చోట కాల్ డ్రాప్‌లు పెరిగితే వ్యవస్థ తనంతట తానే పాత వెర్షన్‌కు వెళ్లిపోతుంది. అయితే చందాదారుల డేటాబేస్ రూపమే మారితే వెనక్కి తిప్పడం అంత తేలిక కాదు. అందుకని కొన్నాళ్లపాటు పాత, కొత్త వెర్షన్లు రెండూ చదవగలిగేలా డేటాను ఉంచుతారు. వెనక్కి తిప్పే పనిని కూడా ముందే ల్యాబ్‌లో పరీక్షిస్తారు.