పారవేయబోయిన రిమోట్

క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నం వేయించడానికి అటక ఖాళీ చేస్తుంటే నా చిన్ననాటి టీవీ గేమ్ బయటపడింది. తెరమీద బొమ్మ రావడం లేదు. చెత్తబుట్టలో వేయబోయాను. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి అడ్డుపడ్డాడు.

"నాన్నా, పెట్టె పోయినా రిమోట్లు బాగానే ఉండవచ్చు. మన కంప్యూటరుకు తగిలిద్దాం" అన్నాడు.

నేను నవ్వాను. కాని వాడు చెప్పినది సాధ్యమే.

జపాన్‌లోని నింటెండో కంపెనీ 1983లో ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని విడుదల చేసింది. 1985లో అది ఎన్.ఇ.ఎస్. అనే పేరుతో అమెరికాకు వెళ్లింది. 1990లలో మన పట్టణాల్లో టీవీ గేమ్ అని అమ్మినవాటిలో చాలా వరకు దాని నకళ్లే. మేము రిమోట్ అని పిలిచినదే కంట్రోలర్.

ఐదు తీగలు, ఎనిమిది బటన్లు

కంట్రోలర్ మీద ఎనిమిది బటన్లున్నాయి. లోపలి తీగలు మాత్రం ఐదే. ఇదెట్లు?

బడిలో హాజరు పిలవడం గుర్తుచేసుకోండి. అయ్యవారు గంట కొట్టగానే పిల్లలందరూ ఉన్నచోట నిలిచిపోతారు. తరువాత ఒక్కొక్కరే వరుసగా పలుకుతారు. ఇక్కడా అంతే. 'లాచ్' అనే తీగ గంట కొడుతుంది. లోపలి చిప్ ఆ క్షణంలో ఏ బటన్లు నొక్కి ఉన్నాయో పట్టి ఉంచుకుంటుంది. 'క్లాక్' తీగ పిలిచే కొద్దీ 'డేటా' తీగ మీద ఒక్కొక్క బటన్ సమాధానం వస్తుంది. మిగిలిన రెండు తీగలు 5 వోల్టుల కరెంటుకు, ఎర్తుకు. ఈ హాజరు సెకనుకు సుమారు 60 సార్లు జరుగుతుంది.

1990లలో కొందరు ఈ తీగలను ప్రింటరు తగిలించే పారలల్ పోర్టుకు కలిపి ఆడుకునేవారు. నేటి కంప్యూటర్లలో ఆ పోర్టు సాధారణంగా ఉండదు. గనుక మధ్యలో ఒక చిన్న బోర్డు కావాలి. ఆర్డుయినో లియోనార్డో, ప్రో మైక్రో వంటివి యు.ఎస్.బి.కి తగిలించగానే తమను కీబోర్డుగా పరిచయం చేసుకోగలవు. పాత రకం ఆర్డుయినో ఊనో ఆ పని నేరుగా చేయలేదు. కొనేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

నా తొందర

బోర్డు కొన్నాం. "ముందు మీటరుతో తీగలు చూద్దాం నాన్నా" అన్నాడు అబ్బాయి. "ఎరుపు కరెంటు, నలుపు ఎర్తు, ఇది ఎవరికి తెలియదు?" అంటూ నేను తీగ కోసి కలిపేశాను. నకలు కంట్రోలర్లలో రంగులకు ఒక కట్టుబాటు లేదు. కరెంటు తలక్రిందులైంది. నిమిషంలో చిప్ వేడెక్కి పాడైపోయింది. వాడు ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువ బాధించింది. "నీ మాట వినవలసింది, తప్పు నాదే" అన్నాను.

రెండవ కంట్రోలర్‌ను వాడి చేతికే ఇచ్చాను. తీగ కోయకుండా, దాని మూతికి సరిపడే తొమ్మిది పిన్నుల కనెక్టరు తెచ్చుకున్నాడు. పాత గేమ్ పెట్టెకు కరెంటు ఇంకా అందుతున్నది గనుక, మీటరుతో దాని సాకెట్టులో 5 వోల్టులు ఏ పిన్నులో, ఎర్తు ఏ పిన్నులో కొలిచాడు. మిగిలినవి మూడు. వాటిని ఆరు విధాలుగా మాత్రమే మార్చగలం. ఒక్కొక్క దానికి 1,000 ఓముల రెసిస్టరు పెట్టి, పొరపాటైనా నష్టం లేకుండా ఒక్కొక్క విధమూ పరీక్షించాడు. నాలుగవసారి తెరమీద అక్షరం పడింది.

మీరు చేయబోతే

ఈ కంట్రోలర్ మూతి పాత కంప్యూటర్ల వెనుకనుండే సీరియల్ పోర్టులో కూడా పడుతుంది. అక్కడ పెట్టవద్దు. ఆ పోర్టులోని వోల్టులు చిప్‌ను చంపుతాయి. టంకం వేసేటప్పుడు కిటికీలు తెరవండి. అందులో సీసం ఉండవచ్చు గనుక పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లలను వేడి ఐరన్ దగ్గరకు రానీయవద్దు. బోర్డును యు.ఎస్.బి.కి తగిలించే ముందు 5 వోల్టులను, ఎర్తును మరొక్కసారి మీటరుతో చూడండి.

ఆ సాయంత్రం మా చిన్నమ్మాయి అన్న ప్రక్కన కూర్చుని ఆడింది. పాడైన కంట్రోలర్‌ను నేను పారవేయలేదు. బల్ల సొరుగులో ఉంచాను. పిల్లలు ఏదైనా చెప్పబోతుంటే నాకు తొందర పుట్టినప్పుడల్లా దానిని ఒకసారి చూస్తాను.