మాచర్ల రైల్వేస్టేషను: నాగార్జునకొండ ద్వారంగా దాని పాత్ర – పరిణామం

1. ఉపోద్ఘాతం:

రైళ్ళు ఆగిపోయినప్పుడే ఒక స్టేషను నిరుపయోగమైందని సాధారణంగా భావిస్తారు. రైళ్ళు నడుస్తున్నా, ఏ అవసరం ప్రయాణికులను అక్కడ దింపిందో అది తొలగిపోవడం మరో విధమైన నిరుపయోగం. పల్నాడులోని మాచర్ల స్టేషను ఈ రెండవ కోవకు చెందుతుంది.

2. రైలుమార్గం – కొండలోయ:

మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే సంస్థ 1930 ప్రాంతంలో గుంటూరు – మాచర్ల మీటర్ గేజ్ మార్గాన్ని నిర్మించింది. నరసరావుపేట గుంతకల్లు మార్గంలో ఉండగా, ఈ మార్గం నల్లపాడు వద్ద విడివడి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్లలో ముగిసేది.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలు నాగార్జునకొండ లోయలో 1926లో వెలుగుచూశాయి. 1927 – 31 మధ్య లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. ఆ తవ్వకాలు ముగింపుకు వచ్చే దశలో రైలు మాచర్లకు చేరింది. అందువల్ల ఈ స్టేషను తొలి అన్వేషకులకంటే తర్వాత వచ్చిన పండితులకు, యాత్రికులకు ఎక్కువగా ఉపకరించింది. రైలు దిగినవారు కొండల నడుమ దారిన లోయకు చేరవలసి వచ్చేది.

3. ఆనకట్ట తెచ్చిన మార్పు:

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ నిర్మాణానికి శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోనున్నందున ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో 1954 – 60 మధ్య విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైన, అనుపులో పునర్నిర్మించారు. 1967లో కాలువలకు నీరు విడుదలైంది. కొండ ద్వీపంగా మారి లాంచీ ప్రయాణం అవసరమైంది; సాగర్‌కు రోడ్డుమార్గాలు ఏర్పడ్డాయి. హైదరాబాదు నుంచి వచ్చే యాత్రికునికి మాచర్ల రైలుతో పని లేకపోయింది.

4. గేజ్ మార్పిడి – శాఖామార్గం:

1980ల చివర బీబీనగర్ – నడికుడి బ్రాడ్‌గేజ్ మార్గం పూర్తయింది. ఆపై 1990ల తొలినాళ్ళలో గుంటూరు – మాచర్ల మార్గం కూడా 1,000 మిల్లీమీటర్ల వెడల్పు నుంచి 1,676 మిల్లీమీటర్లకు మారింది. సికింద్రాబాదు – గుంటూరు ప్రధాన రాకపోకలు నడికుడి మీదుగా సాగడంతో, మాచర్ల సుమారు 35 కిలోమీటర్ల శాఖామార్గపు కొసన మిగిలింది. ఊరు మారలేదు, స్టేషను స్థానం మారింది.

5. ముగింపు:

పల్నాటి పరిశోధన ప్రధానంగా వీరచరిత్ర, శాసనాలు, ఆలయాల చుట్టూ సాగింది. ఇరవయ్యో శతాబ్దపు పల్నాడును అర్థం చేసుకోవడానికి రైల్వే కాలపట్టికలు, సరుకుల రవాణా పత్రాలు, పురావస్తుశాఖ నివేదికలు కూడా ఆధారాలే. వీటితోపాటు ‘టేసను’, ‘రైలుకట్ట’, ‘గూడ్సుబండి’ వంటి మాటల వెనుక ఉన్న జనజీవనాన్ని మౌఖికంగా సేకరించాలి. మీటర్ గేజ్ కాలంలో పనిచేసిన ఉద్యోగులలో చివరితరంవారు కూడా ఇప్పుడు పదవీవిరమణ వయసుకు చేరారు. పత్రాలు గ్రంథాలయాల్లో కొంతకాలం నిలుస్తాయి; జ్ఞాపకాలకు ఆ వ్యవధి లేదు. కనుక మౌఖిక సేకరణతోనే ఈ దిశలో పరిశోధన మొదలుకావాలి.