కాఫీ దొంగను ఎవరు పట్టుకోవచ్చు?

నవంబరు వచ్చేసరికి అరకు, పాడేరు కొండల్లో కాఫీ పండ్లు ఎర్రబడతాయి. ఎవరో తోటలో దూరి పండ్లు దూసుకుంటూ రైతు కంటబడ్డారనుకుందాం. రైతు అతన్ని అరెస్టు చేయవచ్చా?

మామూలు మనిషికీ అరెస్టు చేసే అధికారం ఉంది. ఒకప్పుడు సీఆర్‌పీసీ 43వ సెక్షన్‌లో ఉన్న ఆ అధికారం, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్‌లోకి వచ్చింది. కోర్టు ప్రకటించిన పరారీ నేరస్థుణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చు. మిగతావాళ్ల విషయంలో మాత్రం నేరం మన సమక్షంలోనే జరగాలి. అదీ వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగినదీ, బెయిలు హక్కుగా దొరకనిదీ అయి ఉండాలి.

కాఫీ రైతుకు చిక్కు ఇక్కడే వస్తుంది. కొత్త చట్టంలో రూ.5,000 లోపు మామూలు దొంగతనం బెయిలబుల్ నేరం; వారంటు లేకుండా పోలీసులే అరెస్టు చేయలేరు. అంటే తోటలో బుట్టెడు పండ్లు కోసినవాణ్ణి రైతు అరెస్టు చేయకూడదు. ఆస్తిరక్షణ హక్కు కింద అడ్డుకుని, అవసరమైనంత బలంతోనే పండ్లు వెనక్కి తీసుకోవచ్చు. అవే పండ్లు ఇంట్లోంచో గోదాములోంచో పోతే సెక్షన్ వేరు, నేరం పెద్దది. అప్పుడు కళ్లెదుట దొరికినవాణ్ణి పట్టుకోవచ్చు.

తగిన ఆధారం ఉంటే అనుమానం మీద అరెస్టు చేసే అధికారం పోలీసులది. బస్సులో ఎవరి సంచైనా గంజాయి వాసన వేస్తే మనం కబురు అందించవచ్చు, సంచి విప్పించకూడదు. ఒంటిమీద సోదా చేసే ముందు పోలీసులు కూడా, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని అతనికి చెప్పాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది చిల్లంగి, అంటే చేతబడి చేశారన్న అనుమానం. ఊళ్లో ఎవరైనా జబ్బుచేసి పోతే, ఏ దిక్కూలేని ముసలివాళ్ల మీదనో నింద పడుతుంది. అక్కడ ఎవరూ చూసిన నేరమే లేదు. వాళ్లను బంధించినవాళ్లే అక్రమ నిర్బంధం కింద నేరస్థులవుతారు. ఏడాది దాకా జైలు పడవచ్చు.

అనుమానాన్ని పౌరుల చేతికిస్తే ఏమవుతుందో అమెరికాలోని జార్జియా చూసింది. 1863 నాటి అక్కడి చట్టం, తగిన అనుమానం ఉంటే పెద్ద నేరం చేసి పారిపోతున్నవాణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చనేది. 2020 ఫిబ్రవరిలో దొంగేమోనన్న అనుమానంతో అహ్మద్ ఆర్బరీ అనే నల్లజాతి యువకుణ్ణి ముగ్గురు తెల్లవాళ్లు తరిమారు, అతను తుపాకీ తూటాలకు బలయ్యాడు. మరుసటి ఏడు జార్జియా ఆ చట్టాన్ని రద్దు చేసింది.

మన కొత్త చట్టం గడువు కూడా పెట్టింది. పట్టుకున్నవాణ్ణి అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. రోగిని డోలీలో మోసుకుపోవలసిన కొండమీది ఊళ్లకు ఆరు గంటలు ఇట్టే గడిచిపోతాయి. అందుకే పట్టుకున్న సమయం రాసిపెట్టుకుని, సిగ్నల్ అందే చోటికి వెంటనే మనిషిని పంపి 112కి చెప్పించాలి. కొట్టడానికి, రాత్రంతా చెట్టుకు కట్టేయడానికి చట్టంలో చోటు లేదు. స్టేషన్‌కు తెచ్చాక, నేరం చేశాడని నమ్మడానికి తగిన కారణం కనబడకపోతే పోలీసులు అతన్ని వెంటనే వదిలేయాలి. అది చట్టం వాళ్లకు పెట్టిన విధి, లంచం తిన్నారని ఊరు కోపగించుకోనక్కర్లేదు.