కాంచనమాల: బొమ్మ మిగిలిన నటి

గ్రేటా గార్బో పేరు వినని చలనచిత్ర ప్రియులు అరుదు. స్వీడను దేశమున పుట్టి హాలీవుడ్డును ఏలిన ఆమె 1941 తరువాత మరల నటింపలేదు. పిలుచువారున్నను ఆమెయే రాలేదు. ఆ మౌనమే ఆమె కీర్తికి మెరుగు పెట్టెను. ఇంచుమించు అప్పుడే మన తార యొకతె తెరమరుగయ్యెను. 1942 నాటి 'బాలనాగమ్మ' తరువాత కాంచనమాల నాయికగా కానరాలేదు. అది ఆమె కోరుకొన్న మౌనము కాదు.

తెనాలి ప్రాంతమునుండి వచ్చిన ఈమె 1935లో 'శ్రీకృష్ణ తులాభారము'న చిన్న వేషము ధరించెను. 1938లో 'గృహలక్ష్మి'లో ఒక సంసారమును కూల్చు నర్తకి. ఆ యేడే గూడవల్లి రామబ్రహ్మము 'మాలపిల్ల'లో బ్రాహ్మణ యువకుని వలచిన హరిజన బాలిక. కథ చలముది, మాటలు తాపీ ధర్మారావువి. అస్పృశ్యతా నివారణము సభలలో ఉపన్యసించుట ఒక ఎత్తు. ఆ పిల్లనే కథానాయికను చేసి ప్రేక్షకుల కన్నీరు రాబట్టుట మరొక ఎత్తు. మరుసటి యేడు 'వందేమాతరము'. ఆమె బొమ్మతో అచ్చైన క్యాలెండరు ఆంధ్రదేశమంతట విరివిగా అమ్ముడుపోయెనని చెప్పుదురు. మాలపిల్లను గడప తొక్కనీయని ఇండ్ల గోడలపై సైతము ఆ బొమ్మ వ్రేలాడియుండును!

'బాలనాగమ్మ' జెమినీ అధిపతి వాసన్ నిర్మాణము. ఒప్పందమును గూర్చి ఆయనకును ఆమెకును వివాదము కలిగెనని చలనచిత్ర చరిత్రకారులు వ్రాసిరి. ఒప్పందమున కట్టుబడిన నటికి ఒక సంస్థతో చెడినచో తక్కిన తలుపులును మూతపడును. అమెరికాలో 1944లో ఒలీవియా డి హావిలాండు వార్నరు సంస్థపై దావా గెలిచి ఇట్టి సంకెల త్రెంచుకొనెను. కాంచనమాలకు అట్టి అండ లేకపోయెను. భర్త క్షయవ్యాధితో మరణించెను. ఆమె మనసు చెదరెను. 1981లో మరణించువరకు బ్రతికినను, తెలుగు సినిమాకు ఆమె ఏనాడో లేనిదయ్యెను.

మరువని స్నేహితురాలు నటి లక్ష్మీరాజ్యము. 1963లో తాను నిర్మించిన 'నర్తనశాల'లో ఆమెకొక చిన్న పాత్ర నొసగెను. అందు బృహన్నల ఎన్.టి. రామారావు. తరువాతి కాలమున నాచారములో స్టూడియో కట్టించినది ఆయనయే కనుక, ఉప్పల్, నాచారము పిల్లలకు ఆయన సుపరిచితుడు. 'నర్తనశాల' చూపినచో బృహన్నలను క్షణములో గుర్తింతురు. ఆ చిన్న వేషమున నున్న స్త్రీ ఎవరని ఇంతవరకు ఒక్క విద్యార్థియు నన్నడుగలేదు.